ఖోఖో టీమ్‌ల పాప సెలెక్ట్ అయ్యింది, స్కూలోళ్ళు రెండు పేజీల కాగితం పంపిన్రు, సంతకం పెట్టాల్నా?

హన్మకొండ_అమ్మ
మా పెద్దపాప 8వ తరగతి, ప్రైవేట్ స్కూల్. మొన్న అండర్-14 ఖోఖో టీమ్‌ల సెలెక్ట్ అయ్యింది. బ్యాగ్ కూడ దించకుండ ఇల్లంత ఎగిరింది, నేను కూడ సంబురపడ్డ. తెల్లారి డైరీల రెండు పేజీల కాగితం వచ్చింది, తల్లిదండ్రులిద్దరు సంతకం పెట్టాల్నట. అందుల ఏమున్నదంటే, పొద్దున 5:45 కు గ్రౌండ్‌ల ఉండాలె, ఆదివారం కూడ. మూడుసార్లు రాకపోతే టీమ్‌లకెళ్ళి తీసేస్తరు. సీజన్ అయిపోయేదాక మధ్యల మానేస్త అంటే నడువది. జెర్సీ, షార్ట్, షూస్, మోకాలి ప్యాడ్లు అన్ని కలిపి 2,800 కట్టాలె. దింపుడు తోల్కచ్చుడు మనదే, ఆ టైముకు స్కూల్ బస్సు తిరగది. పోటీల రోజు యూనిట్ టెస్ట్ పడితే మళ్ళ పెట్టరు. తల్లిదండ్రులు గ్రౌండ్‌లకు రావద్దు, కోచ్‌తోని ఆట గురించి మాట్లాడొద్దు. ఆఖరుకు చిన్న అక్షరాలల్ల, దెబ్బ తాకితే స్కూల్‌కు సంబంధం లేదు.

మా ఆయన సగం చదివి పక్కకు పెట్టిండు. వచ్చే యేడు ఫౌండేషన్ క్లాసులల్ల వేద్దామనుకుంటే ఇప్పుడీ ఖోఖో ఏంది అంటడు. మా అత్తమ్మకు షార్ట్ మీద పేచీ. పిల్లకేమో ఆడాల్నని ఉన్నది. ఆడేది పిల్ల, షరతులన్ని మాకా? మీ పిల్లల స్కూళ్ళల్ల కూడ గిట్లనే ఉంటదా?

బెజవాడ_బాబాయ్
5:45 అంటే నేను రెండోసారి దుప్పటి కప్పుకునే టైము. సెలెక్ట్ అయింది మీ పాప కాదండీ, మీరే.

వాలీబాల్_వెంకన్న
2,800 కి బిల్లు అడుగు అక్కా. మా వాడి స్కూల్లో కిట్టు పేరుతో 3,000 తీసుకున్నరు, జెర్సీ ఒక్క ఉతుకుకే నంబరు ఊడిపోయింది. 7 నంబరు పోయి ఉత్త గీత మిగిలింది.

రిటైర్డ్_పీఈటీ
విజయనగరం జిల్లాలో 31 ఏళ్ళు పీఈటీగా చేసి దిగిపోయినవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆ కాగితంలో సగం నేనే రాసినట్టుంది. మూడుసార్లు రాకపోతే తీసేస్తాం అన్నమాట మీకు కోపం తెప్పించింది, అర్థమైంది. కానీ ఖోఖో ఎలా ఆడతారో ఒకసారి చూడండమ్మా. 12 మంది జట్టు, 9 మంది దిగుతారు. 8 మంది గళ్ళలో కూర్చుంటారు, ఒకరు ఇటు మొహం పెడితే పక్కవాళ్ళు అటు మొహం. తొమ్మిదో పిల్ల అవతలి జట్టు రన్నర్లని తరుముతుంది. ఆ పిల్ల మధ్యగీత దాటకూడదు, ఒక దిక్కుకి కదిలిందంటే ఆ చివరున్న పోల్ దాకా వెనక్కి తిరగకూడదు. అందుకని కూర్చున్నదాని వీపు తట్టి ఖో అనాలి. ఖో వినపడకముందే లేచిందా ఫౌలు, అరక్షణం ఆలస్యంగా లేచిందా రన్నరు పోల్ తిరిగి అవతల పడిపోతుంది. ఈ అందాజు ఇంట్లో ఒక్కతీ సాధన చేస్తే రాదు. నాలుగో గడిలో పిల్ల రెండ్రోజులు మానీసిందంటే మూడో గడి పిల్లా ఐదో గడి పిల్లా కూడా పాడైపోతారు. క్రికెట్ అయితే నెట్స్‌కి ఒకడు రాకపోతే మిగతావాళ్ళకి ఇంకో పది బంతులు ఎక్కువ దొరుకుతాయి, సంతోషిస్తారు. ఇక్కడ అలా కుదరదు.

పొద్దున్నే ఎందుకంటారా, సాయంత్రం బస్సులు వెళ్ళిపోతాయి, మధ్యాహ్నం ఎండ. అంతకుమించి రహస్యం ఏమీ లేదు.

దెబ్బ తగిలితే సంబంధం లేదు అన్న ముక్క మాత్రం సిగ్గుచేటు. గ్రిగ్స్‌కి తీసుకెళ్ళినప్పుడు చీలమండ మెలిపడ్డ పిల్లని సైకిల్ వెనకాల కూర్చోబెట్టుకొని నేనే ఆసుపత్రికి తొక్కుకెళ్ళాను, తెల్లారి వాళ్ళ నాన్న వచ్చి నన్ను తిట్టాడు, పడ్డాను. మన చేతికి అప్పగించిన పిల్ల కదా.

ఇంకోటి, ఇది మర్చిపోకండి. పాప బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ ఒకటేనా కాదా చూసుకోండి. వయసు గ్రూపు ఆటల్లో ఎంట్రీ దగ్గరే ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఖమ్మం_టెన్త్
గ్రిగ్స్ అంటే ఏంటి సార్

డల్లాస్_డాడీ
ఆంధ్రా వైపు స్కూళ్ళ మధ్య ఆటల పోటీల్ని అలా అనేవాళ్ళం బాబూ, మీ వైపు జోనల్స్ అంటారు చూడు, అలాంటివే. ఆ మాట విని ఇరవై ఏళ్ళయింది. మాది పార్వతీపురం. లారీలో నిలబడి వెళ్ళేవాళ్ళం, ఓడిపోయి పులిహోర పొట్లం తిని తిరిగొచ్చేవాళ్ళం. ఇంట్లో సంతకం మాట దేవుడెరుగు, నేను టీమ్‌లో ఉన్నట్టే మా నాన్నకి తెలీదు.

బెజవాడ_బాబాయ్
ఓడిపోయి పులిహోర తినడం అనేది మన జాతీయ క్రీడ

లెక్కల_టీచర్
పీఈటీ గారి మాట కాదనను గానీ క్లాస్‌రూమ్ వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి. నేను ప్రైవేట్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పొద్దున్నే ప్రాక్టీస్‌కి వచ్చిన పిల్లలు ఫస్ట్ పీరియడ్‌లో కళ్ళు తెరుచుకునే నిద్రపోతారు, అందులో బ్రేక్‌ఫాస్ట్ తినకుండా వచ్చినవాళ్ళు సగం మంది. తప్పు పిల్లలది కాదు. పీఈటీ తన టైంటేబుల్ వేసుకుంటాడు, మేము మాది వేసుకుంటాం, ఇద్దరం స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్కనే కూర్చుంటాం కూడా, కానీ ఒక్కసారి కూడా రెండూ పక్కన పెట్టి చూసుకోం.

యూనిట్ టెస్ట్ సంగతి, నిజం చెప్తాను, మళ్ళీ పెట్టకపోవడానికి రూల్ ఏమీ కారణం కాదు. ఇంకో క్వశ్చన్ పేపర్ తయారు చేయాలి, దానికి ఎవరికీ ఓపిక ఉండదు, నాక్కూడా. సీబీఎస్ఈ వాళ్ళు జాతీయ, అంతర్జాతీయ పోటీలకి వెళ్ళే పిల్లల్ని పది, పన్నెండు బోర్డు పరీక్షలే వేరే తేదీన రాసుకోనిస్తున్నారు. 20 మార్కుల యూనిట్ టెస్ట్ దగ్గర మనకి ఇంత పట్టుదల ఎందుకో. ఈ లైను మీద గట్టిగా అడగండి, ఒప్పుకుంటారు.

అనంతపురం_అప్ప
ఏమప్పా అందరూ ఇట్ల మాట్లాడుతారు, అసలు ఖోఖో ఆడి ఏం జేయల్ల ఆ పిల్ల? ఇంజనీరింగ్ సీట్లల్లో స్పోర్ట్స్ కోటా ఎంతో తెలుసునా, 0.5%. అంటే 200 సీట్లకి ఒకటి. దానికి నేషనల్స్ ఆడినోళ్ళు, ఇంటర్నేషనల్ ఆడినోళ్ళు లైన్లో ముందుంటారు. మండలం లెవెల్ సర్టిఫికెట్ లామినేషన్ చేపిచ్చి గోడకి తగిలించుకునేదానికే. మా తమ్ముని కొడుకు దగ్గర అట్లాంటివి పదకొండు ఉండాయి. వాళ్ళ నాయన చెప్పింది కరెక్టే, ఫౌండేషన్‌లో ఎయ్యండి.

వాలీబాల్_వెంకన్న
అప్పా, 13 ఏళ్ళ పిల్ల ఆట ఆడ్తా అంటే సీట్ల లెక్క తీస్తవేంది. సంగీతం నేర్చుకునేటోళ్ళను గూడ గిట్లనే అడుగుతవా?

అనంతపురం_అప్ప
అడుగుతా. మా ఇంట్లో అడిగినా గూడ. అందుకే మా పాప వీణ అటక మీద ఉండాది.

లెక్కల_టీచర్
ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు

గడి_దాటిన_గంగ
నేను గవర్నమెంట్ స్కూల్ల చదివి స్టేట్ దాక ఆడిన, ఖోఖోనే. మాకు కాగితం లేదు, ఫీజు లేదు, జెర్సీ కూడ లేదు. పోటీలకు పోయే ముందు రోజు ఇంకో స్కూల్‌కెళ్ళి జెర్సీలు అడిగి తెచ్చేటోళ్ళు, ఛాతీ మీద వాళ్ళ స్కూల్ పేరుతోనే ఆడేది. ఒకసారి ఆ స్కూల్ టీమ్‌తోనే మ్యాచ్ పడ్డది, ఇగ చూడాలె రిఫరీ మొఖం.

అమ్మా, నీకు షార్ట్ గురించి చెప్త. మా నాయనమ్మ కూడ గదే లొల్లి. ఖోఖోల పోల్ కాడ డైవ్ కొడ్తం, రన్నర్‌ను అందుకోనీకి ముందుకు పడ్తం. లూజు పాయింట్ మీద ఆడితే కాలికి అడ్డం తగులుతది, మోకాలు కాడ చినుగుతది. లోపల మోకాళ్ళ దాక టైట్స్ ఏసి మీదికెళ్ళి షార్ట్ ఏస్తే కాళ్ళు కనవడవు, చర్మం గీరుకపోదు. మా నాయనమ్మకు అది చూపిస్తే "గిదైతే లాగు లెక్కనే ఉన్నది" అని ఊకున్నది. కోచ్‌ను అడుగు, ఎవ్వరు వద్దనరు.

అసలు అడగాల్సినవి ఆ కాగితంల లేవు. బయటి ఊరికి పోయినప్పుడు లేడీ టీచర్ వస్తదా? రాత్రి ఎక్కడ పండవెడ్తరు, అక్కడ బాత్రూమ్‌కు గడియ ఉన్నదా? నవ్వకున్రి, మేము ఒక స్కూల్ల పండుకున్నప్పుడు ఆరుగురం వంతులు ఏసుకొని తలుపు పట్టుకున్నం. పీరియడ్స్ ఉన్న రోజు ప్రాక్టీస్‌కు రాకపోతే అది కూడ ఆ మూడింట్ల లెక్కనా? మా సారు మగాయన, మేము చెప్పలేక కడుపునొప్పి అని చెప్పేది, "నెలనెలా కడుపునొప్పేంది నీకు, దవాఖానల చూపియ్" అన్నడు ఒకపారి. మంచోడే పాపం, తెల్వక.

హన్మకొండ_అమ్మ
గంగక్కా, ఇది నాకు తట్టనే లేదు. మూడుసార్లు అంటే జ్వరం గురించే ఆలోచించిన గాని దీని గురించి అనుకోలే. వాళ్ళ పీఈటీ కూడ సారే.

రిటైర్డ్_పీఈటీ
గంగమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాకూ చాలా ఏళ్ళు తెలీలేదు. తర్వాత మా స్కూల్ హిందీ టీచరమ్మకి హాజరు పుస్తకం అప్పజెప్పీసాను, ఆవిడ చుక్క పెడితే నేను అడిగేవాణ్ణి కాదు. ఆ చుక్క లెక్కలోకి రాదు.

బెంచి_నంబర్_12
ఇక్కడెవ్వరూ రాయని కేసు ఒకటుంది, అది నేను. 9వ తరగతిలో కబడ్డీ టీమ్‌లో ఉన్నాను, 12 మందిలో 12వ వాణ్ణి. మా నాన్న ఆర్టీసీలో చేసేవారు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాకుండా నన్ను గ్రౌండ్‌లో దింపి అప్పుడెళ్ళి పడుకునేవారు. నాలుగు నెలలు. నేను మ్యాట్ మీద దిగింది మొత్తం ఒక్కసారి, అదీ మేము 22 పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు ఆఖరి రెండు నిమిషాలు. కూతకెళ్ళాను, బోనస్ లైన్ కూడా చూడకుండానే పట్టేశారు. ఆ రోజు నాన్న వచ్చారని నాకు తెలీదు, గేటు బయట నిలబడి చూశారట. ఇంటికెళ్ళేదాకా ఏం మాట్లాడలేదు, మిర్చిబజ్జీ బండి దగ్గర ఆపి రెండు ప్లేట్లు చెప్పారు.

చెప్పొచ్చేదేంటంటే సంతకం పెట్టే ముందు పాప ఆడే తొమ్మిదిలో ఉందా బయట మూడులో ఉందా కోచ్‌ని అడగండి. ఆట గురించి మాట్లాడొద్దన్నా సరే అడగండి. బయట మూడులో ఉంటే ఆ సంగతి పాపకి కూడా ముందే తెలియాలి. నాకు ఎవరూ చెప్పలేదు, ప్రతి మ్యాచ్‌కీ లేసు గట్టిగా కట్టుకొని కూర్చునేవాణ్ణి.

బెజవాడ_బాబాయ్
పొద్దున్నే ఏడిపించావయ్యా. బజ్జీ అని ముగించావు గానీ.

వాలీబాల్_వెంకన్న
బెంచీ సంగతి వచ్చింది గాబట్టి చెప్తున్న. మా వాడి టీమ్‌ల ఆరుగురిల ఒకడికి సర్వీస్ నెట్ దాటదు, అయినా ప్రతి మ్యాచ్ ఆడుతడు. ఎందుకంటే గ్రౌండ్ చుట్టూ ఫెన్సింగ్ వాళ్ళ నాయన ఏపించిండు. ఇగ మాలాంటోళ్ళం కోచ్‌తో మాట్లాడొద్దట, ఆయన మాత్రం కుర్చీ ఏసుకొని కోచ్ పక్కనే కూసుంటడు. అందుకే ఆ రూల్ చూస్తే నాకు ఒళ్ళు మండుతది.

రిటైర్డ్_పీఈటీ
ఫెన్సింగ్ తండ్రులు మా రోజుల్లోనూ ఉండీవారు. కాకపోతే వెంకన్న గారూ, ఆ రూల్ ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. డివిజన్ ఫైనల్లో ఒక తండ్రి గీత దాటి లోపలికొచ్చి రిఫరీ కాలర్ పట్టుకున్నాడు. ఆ రిఫరీ ఎవరనుకున్నారు, పక్క ఊరి పీఈటీ, రోజుకి ఏదో భత్యం ఇస్తే ఎండలో నిలబడ్డవాడు. ఆ తండ్రి కూతురు గ్రౌండు మధ్యలో కూర్చుని రెండు చేతుల్తో మొహం మూసుకుంది. తర్వాత మళ్ళీ ఆటకి రాలేదు, నేను ఇంటికెళ్ళి పిలిచినా రాలేదు. మంచి రన్నరు, ఒక బ్యాచ్‌లో నాలుగు నిమిషాలు అవుటవకుండా తిరిగిన పిల్ల.

ఖమ్మం_టెన్త్
నేను ప్లేయర్‌నే, హ్యాండ్‌బాల్. మా మమ్మీ డాడీ మ్యాచ్‌కి రాకపోతే బాధగా ఉంటది, వస్తే భయంగా ఉంటది. వచ్చి ఏం మాట్లాడకుండా కూర్చుంటే బాగుంటది. మా డాడీ ప్రతి పాస్‌కి "అరే ఎడమకి ఎడమకి" అంటాడు, ఆయన ఎడమా నా ఎడమా వేరే సైడ్ ఉంటయ్

డల్లాస్_డాడీ
హహహ బాబూ నువ్వు చెప్పిందే ఇక్కడ రూలుగా రాసి పెడతారు. మా అబ్బాయి మిడిల్ స్కూల్, బాస్కెట్‌బాల్. ఇక్కడ కూడా కాగితాలున్నాయమ్మా, మీకన్నా ఎక్కువే. డాక్టరు చూసి ఆడొచ్చు అని ఫారం నింపాలి, అది లేకపోతే ప్రాక్టీస్‌కే రానివ్వరు. సీజన్ మొదట్లో పేరెంట్స్ మీటింగ్. మా కోచ్ అయితే మ్యాచ్ అయ్యాక 24 గంటలు ఆగి అప్పుడు మాట్లాడండి అన్నాడు. ఆ 24 గంటల్లో నా కోపం సగం పోతుంది, మిగతా సగం మా ఆవిడ తీసేస్తుంది.

రెండు సంగతులు మాత్రం మన దగ్గర కూడా ఉంటే బాగుణ్ణనిపించింది. టెక్సస్‌లో పిల్లాడికి ఏదైనా సబ్జెక్ట్‌లో 70 కన్నా తక్కువొస్తే కొన్నాళ్ళు మ్యాచ్ ఆడనివ్వరు, ప్రాక్టీస్ మాత్రం చేసుకోవచ్చు. దాంతో మావాడు బాల్ కోసమైనా సైన్సు చదువుతున్నాడు. రెండోది, స్కూల్ ఉన్న రోజుల్లో క్లాసుల బయట ఒక ఆటకి వారానికి 8 గంటలకి మించి ప్రాక్టీస్ పెట్టకూడదు. కోచ్‌కి కూడా గీత ఉందన్నమాట. మీ కాగితంలో గీతలన్నీ మీకే ఉన్నాయి, వాళ్ళకి ఒక్కటీ లేదు.

అనంతపురం_అప్ప
70 రాకపోతే ఆడనీరా? ఈ రూల్ నాకు నచ్చింది. మా ఊర్లో పెడితే టీమే ఉండదు.

లెక్కల_టీచర్
వద్దండీ ఇక్కడ. చదువులో వెనకబడ్డ పిల్లలు కొంతమంది ఆట కోసమే స్కూల్‌కి వస్తున్నారు. ఆట తీసేస్తే స్కూల్ కూడా మానేస్తారు, నా క్లాస్‌లోనే ముగ్గురున్నారు అలాంటివాళ్ళు.

సింధు_ఫ్యాన్
ఇంత చర్చ ఎందుకో అర్థం కావట్లేదు. పీవీ సింధు చిన్నప్పుడు ప్రాక్టీస్ కోసం రోజూ 56 కిలోమీటర్లు తిరిగేది. తల్లిదండ్రులు అంత కష్టపడ్డారు కాబట్టే రియోలో వెండి, టోక్యోలో కంచు వచ్చాయి. మనం 5:45 కి లేవలేమా?

బెజవాడ_బాబాయ్
సింధు వాళ్ళ నాన్నగారు వాలీబాల్‌లో 1986 ఆసియా క్రీడల కాంస్యం టీమ్‌లో ఆడారు, 2000 లో అర్జున అవార్డు. అమ్మగారూ వాలీబాలే. ఆ ఇంట్లో పొద్దున్నే లేవడం టిఫిన్ తిన్నంత మామూలు. మా ఇంట్లో అర్జున అవార్డు లేదు, బండి ఈఎంఐ ఉంది.

గడి_దాటిన_గంగ
సింధు ముచ్చట తియ్యంగనే తల్లిదండ్రులు గిల్టీ అయితరు, గందుకే నాకు నచ్చది. జ్యోతి యర్రాజి వాళ్ళ నాన్న విశాఖల సెక్యూరిటీ గార్డ్, అమ్మ ఇళ్ళల్ల పని చేసింది. వాళ్ళు రోజు గ్రౌండ్‌కు వచ్చి కూసున్నరా? 2023 ల ఏషియన్ ఛాంపియన్ కాలేదా హర్డిల్స్‌ల? మా వరంగల్ జిల్లా కల్లెడ దీప్తి జీవాంజి, వాళ్ళది కూలి చేసుకునే ఇల్లు, పారిస్ పారాలింపిక్స్‌ల మెడల్ తెచ్చింది, ఆమెను ముందు గుర్తు పట్టింది స్కూల్ల పీఈటీనే. తల్లిదండ్రులు అన్నం పెట్టి "పో బిడ్డా" అంటే చాలా మందికి సరిపోతది. మిగిలింది స్కూల్ చూసుకోవాలె, ఫీజు గందుకే కదా తీసుకునేది.

సింధు_ఫ్యాన్
ఫీజులో గ్రౌండ్ కూడా కలిసి ఉంటుందనుకుంటున్నారా? మా పిల్లల స్కూల్ నాలుగంతస్తులు, గ్రౌండ్ అంటే పార్కింగ్.

వాలీబాల్_వెంకన్న
ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలనే రాసిన్రు. అడిగితే క్యారమ్స్ బోర్డు చూపిస్తరు.

గుమస్తా_గిరీశం
కోర్టు గుమస్తాగా 18 ఏళ్ళుగా చేస్తున్నా, లాయర్ని కాదు, ముందే చెప్తున్నా. ఏదైనా జరిగితే మాకు సంబంధం లేదు అని రాయించుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. ఆడుతూ పడితే చీలమండ మెలిపడటం వేరు, గ్రౌండులో ఇనుప రాడ్డు వదిలేసి దాని మీద పడితే వేరు. కాబట్టి ఆ లైను చూసి జడుసుకోవద్దు, అలాగని చూడనట్టు ఊరుకోవద్దు. పెన్ను తీసి ఆ లైను కొట్టేసి, పక్కన "ప్రథమ చికిత్స, ఆసుపత్రికి తీసుకెళ్ళడం, వెంటనే మాకు ఫోన్ చేయడం స్కూల్ బాధ్యత" అని మీ చేత్తో రాసి దాని పక్కన సంతకం పెట్టండి. రెండు పేజీలూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పాప బ్లడ్ గ్రూపు, ఏమైనా మందులు పడకపోతే అదీ రాయండి. ప్రింటు కొట్టిన కాగితం మీద చేత్తో రాస్తే ప్రిన్సిపాల్ రూమ్‌కి పిలుస్తారు, అక్కడే మిగతావన్నీ మాట్లాడుకోవచ్చు. పిలిపించుకోవడానికే ఆ గీత అనుకోండి.

బెజవాడ_బాబాయ్
గుమస్తాలే ఈ దేశాన్ని నడుపుతున్నారు

హన్మకొండ_అమ్మ
అన్ని చదివిన, రాత్రి మా ఆయనకు కూడ చదివి వినిపించిన. బెంచి నంబర్ 12 గారి పోస్ట్ కాడ ఆయన ఏం అనలే, లేచి నీళ్ళు తాగొచ్చిండు. తర్వాత పాపను పిలిచి అడిగినం, నీకేం కావాలె అని. దానికి మొత్తం ఆట కన్న వేరే సంగతి మీద ఉన్నది మనసు. ఏడో క్లాస్‌ల సెక్షన్ మార్చినప్పటి సంది దీనికి దోస్తులు లేరట క్లాస్‌ల. ఈ టీమ్‌ల ఇద్దరు పిల్లలు దీనితోని టిఫిన్ తింటున్నరట. నాకు యాడాది సంది తెల్వదు ఈ సంగతి. ఫౌండేషన్ క్లాస్ మాట అక్కడనే ఆగిపోయింది, ఆయనే ఆపిండు, వచ్చే యేడు సంగతి వచ్చే యేడు చూద్దమని.

కాగితం మీద గిరీశం గారు చెప్పినట్టు రాసి పంపినం. యూనిట్ టెస్ట్ లైన్ కాడ "మళ్ళ పెట్టాలె" అని, మూడుసార్ల లైన్ కాడ "ఆరోగ్యం బాగలేని రోజులు కాకుండ" అని. ఇంత రాసేసరికి మార్జిన్ నిండిపోయింది.

అనంతపురం_అప్ప
దోస్తుల కోసం అయితే సరేలే, పంపించండి. వీణ గూడ దించుతా ఈ ఆదివారం, దుమ్ము దులపాల.

లెక్కల_టీచర్
అప్ప గారు!! ఫొటో పెట్టాలి

హన్మకొండ_అమ్మ
ఇయ్యాల ప్రిన్సిపాల్ మేడం పిలిచింది. నేను గొంతు తడారిపోయి పోయిన, ఆమెనేమో "ఎవరూ ఇట్ల రాసి పంపలేదు ఇప్పటిదాక, అందరు సంతకం పెట్టి పంపిన్రు" అన్నది. కోపమా మెచ్చుకునుడా తెల్వలే. మొత్తానికి ఇట్లయింది: ఆరోగ్యం లైన్‌కు ఒప్పుకున్నది, హాజరు ఒక లేడీ టీచర్ చూస్తదట. బయటికి పోయినప్పుడు కూడ ఆ టీచరే వస్తది. దెబ్బ లైన్ తీసేసి కొత్తది ప్రింట్ చేపిస్తరట. యూనిట్ టెస్ట్ మళ్ళ పెట్టరట గాని మిగతా టెస్టుల సగటు ఏస్తరట. ఆదివారం మాత్రం తియ్యలే, 2,800 ల పైస తగ్గలే.

కోచ్ సారును కూడ అడిగిన, తొమ్మిదిల ఉన్నదా మూడుల ఉన్నదా అని. మూడుల ఉన్నదట ఇప్పుడైతే. పాపకు చెప్పిన. ఒక్క నిమిషం మూతి ముడిచింది, "మరి వాళ్ళిద్దరు?" అన్నది. ఒకతి తొమ్మిదిల, ఒకతి మూడుల. "అయితే సరే" అన్నది.

బెంచి_నంబర్_12
బయట మూడులో ఇద్దరుంటే అది బెంచీయే కాదు. బజ్జీ బండి ఎక్కడుందో చూసి పెట్టుకోండి మాత్రం.

లెక్కల_టీచర్
సగటు వేయడం నాకు నచ్చింది, రేపు మా స్టాఫ్ మీటింగ్‌లో అడుగుతా. క్వశ్చన్ పేపర్ పని కూడా తప్పుతుంది (అసలు కారణం అదే).

వాలీబాల్_వెంకన్న
2,800 కి బిల్లు అడిగినవా అక్కా

హన్మకొండ_అమ్మ
మర్చిపోయిన వెంకన్నా 🤦‍♀️ రేపు ఫస్ట్ ప్రాక్టీస్. అలారం నాలుగు ఫోన్లల్ల పెట్టినం. పొద్దున్నే ఏం పెట్టాలె తినడానికి, 5 గంటలకు ఇడ్లీ తింటే పరుగెత్తగలుగుతదా?

గడి_దాటిన_గంగ
వద్దు, ఆ టైముకు అరటిపండు ఒకటి, నీళ్ళు. ప్రాక్టీస్ అయినంక తిననీకి డబ్బాల ఇడ్లీనో ఉడకపెట్టిన గుడ్లో పెట్టు, క్లాస్‌కు పోయే ముందు తింటది. పల్లిపట్టి బ్యాగ్ల ఎప్పటికి ఉండాలె. లెక్కల టీచర్ గారి క్లాస్‌ల నిద్రపోకుండ.

రిటైర్డ్_పీఈటీ
అన్నీ బాగున్నాయమ్మా, సంతోషం. పుట్టినతేదీలు చూసుకున్నారా? నేను మొదటి పోస్టులోనే చెప్పాను.

హన్మకొండ_అమ్మ
సార్, ఇప్పుడే తీసి చూసిన. బర్త్ సర్టిఫికెట్‌ల 14, స్కూల్ రిజిస్టర్‌ల 14, ఆధార్‌ల 4. నెల, సంవత్సరం ఒకటే. చిన్నప్పుడు క్యాంపుల తీసినం ఆధార్, అప్పుడు చూసుకోలే.

రిటైర్డ్_పీఈటీ
ఇదిగో, నేను ఏం చెప్పాను. పది రోజుల తేడా వల్ల గ్రూపు మారదు గానీ ఎంట్రీ టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి కాగితాలు కలవకపోతే చాలు, పక్కన పెట్టీస్తాడు. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ పట్టుకొని ఆధార్ సెంటర్‌కి వెళ్ళండి, పాపని కూడా తీసుకెళ్ళండి. పుట్టినతేదీ ఒక్కసారే మార్చనిస్తారు, వాడు టైపు చేసేటప్పుడు స్క్రీన్ మీద మీరే చూడండి, మళ్ళీ 24 అని కొట్టగలడు.

గుమస్తా_గిరీశం
రసీదు జాగ్రత్త. అప్‌డేట్ రావడం ఆలస్యమైతే ఎంట్రీ ఫారంతో పాటు ఆ రసీదు జిరాక్స్ పెట్టొచ్చేమో స్కూల్‌ని అడగండి.

బెజవాడ_బాబాయ్
ఆధార్ సెంటర్ దగ్గర లైను చూస్తే 5:45 చాలా లేటు అనిపిస్తుంది

హన్మకొండ_అమ్మ
రేపు ప్రాక్టీస్ అయినంక దాన్ని గ్రౌండ్‌కెళ్ళే తీసుకొని పోతం, మా ఆయన సగం రోజు సెలవు పెట్టిండు. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ యాడ పెట్టిన్నో ఇప్పుడు వెతకాలె, అత్తమ్మ బీరువల ఉన్నట్టున్నది. పోయొచ్చినంక రాస్త.